గురుద్వారాకు వెళ్ళేవారికి నాలుగు మాటలు

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా ఈ మైకు ముందు నిలబడినవారు డి.ఎ. గురించో, మెడికల్ కార్డు గురించో, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించో మాట్లాడతారు. ఈ రోజు నాకు అప్పజెప్పిన విషయం ఆ మూడింటిలోనూ లేదు. వచ్చే నెల మన సభ్యులు కొందరు కుటుంబాలతో కలిసి బాసర, నాందేడ్ యాత్రకు వెళ్తున్నారు. బాసర సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. నాందేడ్ గురుద్వారా అనేసరికి మాత్రం పోయిన సమావేశంలో ప్రశ్నలు మొదలయ్యాయి. "మనల్ని లోపలికి రానిస్తారా?" "తలపాగా కట్టుకోవాలా?" "దర్శనం టిక్కెట్టు ఎంత?" "అక్కడి భోజనం మనం తినవచ్చా?" కార్యదర్శి గారు నా వైపు తిరిగి, "మీరు నాందేడ్‌లో పనిచేశారు కదా, మీరే చెప్పండి" అన్నారు.

ఆ మాట విని నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు. కాదండీ, సిగ్గు. నాందేడ్‌లో 3 సంవత్సరాలు ఉద్యోగం చేసి, ఒక్కసారి కూడా ఆ గురుద్వారాలో అడుగు పెట్టకుండా బదిలీ మీద వచ్చేసినవాణ్ణి నేను. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత మీ ప్రశ్నలకు జవాబులు చెబుతాను.

నేను 1980లో బుకింగ్ క్లర్కుగా నాందేడ్ వెళ్ళాను. అప్పట్లో మన లైను ఇంకా మీటర్ గేజే. క్వార్టర్సులో మా పక్క వాటా ఒక సర్దార్జీ గారిది. గార్డు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన పేరు ఇక్కడ చెప్పను; నేను ఎప్పుడూ సర్దార్జీ అనే పిలిచేవాణ్ణి. మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజున ఒక గిన్నె వారింటికి వెళ్ళేది. వారింట్లో చలికాలం ఆకుకూర, జొన్నరొట్టె చేసిన రోజున మా పిల్లలు ఇంట్లో అన్నం తినేవారు కారు. వారి తాతల కాలం నుంచి వారు నాందేడ్ వారే. కొద్దిగా తెలుగు వచ్చు. నన్ను "బాబూగారూ" అనేవారు.

1982లో ఆయన పెద్దమ్మాయి పెళ్ళి. శుభలేఖ స్వయంగా తెచ్చి ఇచ్చి, "గురుద్వారాలో పొద్దుటి పూటే. మీరు తప్పకుండా రావాలి" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ రోజు మా చిన్నవాడికి జ్వరం. మా ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. నేను ఒక స్టీలు గిన్నెల సెట్టు ప్యాక్ చేయించుకుని ఒక్కణ్ణే బయలుదేరాను.

గేటు దాకా వెళ్ళాను. అక్కడ నిలబడ్డాను. లోపలికి పోతున్న వాళ్ళందరి తలల మీదా గుడ్డ ఉంది. నా తల మీద లేదు. ద్వారం దగ్గర నీలం దుస్తులు వేసుకుని, ఎత్తయిన తలపాగాలకు ఉక్కు చక్రాలు చుట్టుకుని, చేతిలో బల్లెం పట్టుకున్న ఇద్దరు నిలబడి ఉన్నారు. వారిని నిహంగులంటారని తరువాత తెలిసింది. నా జేబులో సిగరెట్టు పెట్టె ఉంది. సిక్కులకు పొగాకు నిషిద్ధమని మాత్రం తెలుసు. దాన్ని ఎక్కడ పడేయాలో తోచలేదు. లోపల ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో, ఎవరికి ఎలా దండం పెట్టాలో ఒక్కటీ తెలియదు. నలుగురిలో తప్పు చేస్తే సర్దార్జీ పరువు పోతుందేమో అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. గిన్నెల సెట్టు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాను.

మర్నాడు స్టేషన్‌లో కనిపించి, "నిన్న కడుపులో బాగాలేదు సర్దార్జీ, రాలేకపోయాను" అన్నాను. ఆయన నా మొహం వంక ఒక్క క్షణం చూసి, "ఇప్పుడెలా ఉంది బాబూగారూ?" అన్నారు. ఆ సాయంత్రం ఒక టిఫిన్ క్యారియర్ తీసుకుని మా ఇంటికి వచ్చారు. అందులో పప్పు, రొట్టెలు, నెయ్యి కారుతున్న హల్వా లాంటి ప్రసాదం. నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఆ ప్రసాదం నాకు గొంతు దిగలేదు. మరుసటి సంవత్సరం బదిలీ అయింది. నిజం మాత్రం ఆయనకు చెప్పలేదు.

అదీ నా అర్హత. తెలియక గేటు దగ్గర నుంచి తిరిగివచ్చినవాడికి, ఏమేమి తెలియాలో బాగా తెలుస్తుంది. అంతకు మించి నాకు పాండిత్యం లేదు.

ఇక విషయానికి వస్తాను.

మొదటి ప్రశ్న: గురుద్వారాను గుర్తుపట్టడం ఎలా? పెద్ద గురుద్వారాలకు తెల్లని గోడలు, బంగారు రంగు గుమ్మటాలు ఉంటాయి. కాని గుమ్మటం చూసి వెతికితే దారి తప్పుతాం. చిన్న ఊళ్ళలో గురుద్వారా మామూలు డాబా ఇంట్లోనో, ఒక హాల్లోనో ఉండవచ్చు. చూడవలసింది జెండా. ఎత్తయిన స్తంభం, ఆ స్తంభానికి కింది నుంచి పైదాకా గుడ్డ చుట్టి ఉంటుంది. పైన ముక్కోణపు జెండా. దాన్ని నిశాన్ సాహిబ్ అంటారు. కాషాయం, పసుపు, ముదురు నీలం రంగుల్లో చూస్తాం. అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో 2024లో కాషాయం బదులు బసంతి, అంటే పసుపు రంగు గుడ్డ చుట్టారు. జెండా మీద ఒక గుర్తు ఉంటుంది. మధ్యలో నిటారుగా రెండంచుల కత్తి, దాని చుట్టూ ఒక చక్రం, ఇరువైపులా వంపు తిరిగిన రెండు కత్తులు. దాన్ని ఖండా అంటారు. ఆ జెండా దూరం నుంచి వచ్చే బాటసారికి కనిపించాలనే అంత ఎత్తున కడతారు. ఇక్కడ భోజనం ఉంది, తలదాచుకునే చోటు ఉంది అని దాని అర్థం. అంతటి జెండా కిందనే నేను తిరిగివచ్చానన్నమాట.

జెండా చూడడానికి నాందేడ్ దాకా పోనక్కరలేదు. హైదరాబాద్‌లో అమీర్‌పేటలో ఉంది, అఫ్జల్‌గంజ్‌లో ఉంది, సికింద్రాబాద్‌లో ఉంది. విశాఖపట్నంలో గురుద్వారా జంక్షన్ అంటే తెలియని ఆటో డ్రైవరు ఉండడు. ఆ జంక్షన్‌లో వేలమంది బస్సు దిగుతారు. గురుద్వారా లోపలికి వెళ్ళినవారు మనలో ఎందరు?

మనకూ సిక్కులకూ ఏం సంబంధం అని ఒక మిత్రుడు అడిగారు. కొంచెం చరిత్ర మనవి చేస్తాను. నాందేడ్ 1956 వరకు మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆ ఊరు గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి నుంచి వచ్చే నీరే కందకుర్తి దగ్గర మన నేల మీదకు వచ్చి, బాసరలో మన కాళ్ళు కడిగి, కిందికి రాజమండ్రి దాకా పోతుంది. సిక్కుల పదవ గురువు గురు గోవింద్ సింగ్ 1708లో నాందేడ్ వచ్చి, ఆ సంవత్సరం అక్టోబరులో అక్కడే పరమపదించారు. వెళ్ళేముందు, ఇక మీదట మనిషి గురువు ఉండడు, ఈ గ్రంథమే మీకు గురువు అని గురు గ్రంథ్ సాహిబ్‌కు గురుపదవి ఇచ్చారు. 1469లో పుట్టిన గురు నానక్‌తో మొదలైన పదిమంది గురువుల పరంపర అలా గోదావరి ఒడ్డున గ్రంథంలో నిలిచింది. 2008లో ఆ ఘట్టానికి 300 ఏళ్ళు నిండినప్పుడు నాందేడ్‌లో పెద్ద ఉత్సవం జరిగింది.

సిక్కులకు తఖ్త్‌లు, అంటే ధర్మపీఠాలు 5 ఉన్నాయి. అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్, ఆనంద్‌పూర్, తల్వండీ సాబో పంజాబ్‌లో ఉన్నాయి. బీహారులో పట్నా ఒకటి. దక్షిణాదికి ఉన్న ఒకే ఒక్కటి నాందేడ్‌లోని హజూర్ సాహిబ్. ఇప్పుడున్న కట్టడాన్ని 1832, 1837 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. ఆ కాలంలోనే నిజాం కొలువులో పేష్కారుగా ఉన్న చందూలాల్ కోరిక మీద పంజాబ్ నుంచి సిక్కు సైనికులు హైదరాబాద్ వచ్చారు. లాహోరీ ఫౌజ్ అని పేరు. వారిలో చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. కిషన్‌బాగ్ వైపు సిక్ ఛావనీ అన్న పేరు అలా వచ్చిందే. వారి వారసులు తెలుగూ, దక్కనీ ఉర్దూ మనలాగే మాట్లాడతారు. 190 ఏళ్ళ ఇరుగుపొరుగు వారిని మనం ఇంకా పైవాళ్ళే అనుకుంటున్నాం. ఆఫీసుల్లో వారి మీద చెప్పుకున్న జోకులకు మాత్రం లెక్కలేదు. నేనూ చెప్పాను, నేనూ నవ్వాను. ఇప్పుడు చెప్పను.

రెండవ ప్రశ్న: మనల్ని రానిస్తారా? రానిస్తారు. కులం అడగరు, మతం అడగరు, ఊరు అడగరు. టిక్కెట్టు లేదు, ప్రత్యేక దర్శనం లేదు. అమృత్‌సర్‌లోని హరిమందిరానికి నాలుగు వైపులా నాలుగు ద్వారాలు ఉన్నది, ఏ దిక్కు నుంచి ఎవరైనా రావచ్చని చెప్పడానికేనంటారు. గురుద్వారా అనే మాటకు గురువు వాకిలి అని అర్థం.

అయితే నియమాలు కొన్ని ఉన్నాయి. నాలుగే. కావాలంటే డైరీలో రాసుకోండి.

ఒకటి, తల కప్పుకోవాలి. ఆడవారికి పైటకొంగు చాలు. మగవారు పెద్ద చేతిరుమాలు తలమీద వేసి వెనక ముడి వేసుకోవాలి. మన కండువా ఉంటే ఇంకా మంచిది. లేకపోతే ద్వారం దగ్గర బుట్టలో రుమాళ్ళు ఉంటాయి, తీసుకుని కట్టుకుని వచ్చేటప్పుడు తిరిగి వేయాలి. మంకీ క్యాపు పనికిరాదా అని ఒకరు అడిగారు. టోపీలు వద్దండీ, గుడ్డే మర్యాద.

రెండు, చెప్పులు విప్పాలి. చెప్పులు పెట్టే చోటును జోడా ఘర్ అంటారు. అక్కడ మీ చెప్పులు అందుకునేది కూలివాడు కాదు. అది సేవ. బాగా ఉన్నవారు, చదువుకున్నవారు వంతులు వేసుకుని ఆ పని చేస్తారు. అందుకని టోకెను తీసుకునేటప్పుడు చిల్లర చేతిలో పెట్టకండి, దండం పెట్టండి. తరువాత కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. మెట్ల ముందు పారే నీటి తొట్టి ఉంటే అందులో నడిచి వెళ్ళడమే.

మూడు, పొగాకు, మద్యం ఒంటి మీద ఉండకూడదు. తాగకపోతే చాలదు, జేబులో కూడా ఉండకూడదు. సిగరెట్టు, బీడీ, చుట్ట, జర్దా, ఖైనీ, నశ్యం డబ్బా, అన్నీ బసలోనే వదిలి రావాలి. నశ్యం మందే కదా అని వాదించే పెద్దలు మనలో ఇద్దరున్నారని నాకు తెలుసు. వారికి ప్రత్యేక మనవి.

నాలుగు, లోపల అందరూ నేల మీదే కూర్చోవాలి. గ్రంథం ఎత్తుగా ఉంటుంది, మనుషులంతా ఒకే మట్టం. గ్రంథం వైపు కాళ్ళు చాపకూడదు. మోకాళ్ళ నొప్పులవారు భయపడనక్కరలేదు. చాలా చోట్ల వెనక గోడ దగ్గర కొన్ని బల్లలో కుర్చీలో ఉంటాయి. సేవాదార్‌తో ఒక్క మాట చెబితే చోటు చూపిస్తారు.

లోపలికి వెళ్ళాక ఏం కనిపిస్తుంది? విగ్రహం ఉండదు. చాందినీ కింద, పట్టు గుడ్డల మీద గురు గ్రంథ్ సాహిబ్ ఉంటుంది. 1430 పుటల గ్రంథం. వెనక ఒకరు కూర్చుని వింజామర వీస్తూ ఉంటారు. రాజుకు చేసే మర్యాద అది. గ్రంథాన్ని వారు పుస్తకంగా చూడరు, ఎదుట ఉన్న గురువుగా చూస్తారు. తెల్లవారుజామున తెచ్చి కొలువు తీరుస్తారు, రాత్రి పవళింపుకు తీసుకువెళ్తారు. పవళింపు సేవ తెలిసిన మనకు ఇది కొత్త కాదు. ఎదుటికి వెళ్ళి మోకరిల్లి నుదురు నేలకు తాకించాలి. వంగలేనివారు నిలబడి దండం పెట్టినా ఎవరూ ఏమీ అనరు. ఇష్టమైతే హుండీలో కొంత వేయవచ్చు, వేయకపోయినా అడిగేవారు లేరు. కొబ్బరికాయ, గోత్రనామాలు, తీర్థం, శఠగోపం ఉండవు.

తరువాత ఒక పక్కగా కూర్చుని వినడమే. హార్మోనియం, తబలా పెట్టుకుని కీర్తన పాడుతుంటారు. ఆ గ్రంథంలో ఎక్కువ భాగం 31 రాగాల కింద కూర్చిన పదాలు. సంగీతం ఇష్టమైనవారు ఒక గంట కూర్చోండి, భాష తెలియకపోయినా ఏమీ వృథా కాదు. ఇంకొక విషయం. అందులో ఉన్నవి సిక్కు గురువుల పదాలు మాత్రమే కావు. కబీరు ఉన్నాడు, చెప్పులు కుట్టిన రవిదాసు ఉన్నాడు, సూఫీ ఫకీరు షేక్ ఫరీద్ ఉన్నాడు. పండరిపురం విఠలుడి భక్తుడు, మనకు బాగా తెలిసిన నామదేవుడూ ఉన్నాడు. 1604లో ఐదవ గురువు అర్జున్ దేవ్ ఆ మొదటి ప్రతిని హరిమందిరంలో ప్రతిష్ఠించినప్పటి నుంచీ వీరి మాటలకు కూడా అందరూ అలాగే మొక్కుతున్నారు.

చివర అందరూ లేచి చేతులు జోడించి నిలబడతారు. అది అర్దాస్, ప్రార్థన. మనమూ నిలబడాలి. ఆ తరువాత గ్రంథం తెరిచి, తెరిచిన చోట వచ్చిన పదం చదువుతారు. ఆ రోజుకు అది గురువు ఆజ్ఞ. ఫోటోలు అడగకుండా తీయవద్దు. సెల్‌ఫోను ముందే ఆపేయండి. మన సభలోనే ఇప్పటికి మూడుసార్లు మోగింది.

ప్రసాదాన్ని కడాహ్ ప్రసాద్ అంటారు. గోధుమపిండి, నెయ్యి, పంచదార సమపాళ్ళలో వేసి చేస్తారు. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. షుగరు ఉన్నవారు "థోడా" అంటే కొద్దిగా పెడతారు. వద్దనకండి, కింద పడేయకండి. చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి.

ఇక లంగర్. గురుద్వారాకు వెళ్ళి లంగర్‌లో తినకుండా వస్తే సగమే చూసినట్టు. అక్కడ వడ్డించేది శాకాహారమే కాబట్టి అనుమానం అక్కరలేదు. పప్పు, కూర, రొట్టె, ఒక్కోసారి ఖీరు. పొడుగు చాపల మీద వరుసగా కూర్చోవాలి. ఆ వరుసను పంగత్ అంటారు. మన పంక్తి భోజనమే. అయితే మన ఊళ్ళలో ఆ పంక్తిలో ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అని ఎన్ని లెక్కలు నడిచాయో మన వయసువారికి తెలుసు. ఆ లెక్కలు చెరపడానికే గురు నానక్ ఈ పద్ధతి పెట్టారు. మూడవ గురువు అమర్‌దాస్ కాలంలో, తన దర్శనానికి ఎవరు వచ్చినా ముందు పంగత్‌లో కూర్చుని తినాలన్నారు. అక్బరు పాదుషా కూడా అలాగే నేల మీద కూర్చుని తిన్నాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. రొట్టె పళ్ళెంలో వేయరు, రెండు చేతులూ చాపి అందుకోవాలి. ఎన్నిసార్లయినా అడగవచ్చు, పారేయకూడదు.

నాందేడ్‌లో ఇంకొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. అక్కడ సాయంకాలం దీపాలతో హారతి ఉంటుంది. గురు గోవింద్ సింగ్ ఆయుధాలను చూపిస్తారు. లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు. గురువు అంత్యక్రియలు జరిగిన చోటు. అందులోకి పూజారులు తప్ప ఎవరూ వెళ్ళరు, బయటి నుంచే దర్శనం.

ఇక నా కథ మిగిలిన సగం చెప్పి ముగిస్తాను.

2006లో రిటైరయ్యాను. 2017లో మా ఆవిడ, "నాందేడ్‌లో మూడేళ్ళు కాపురం చేసి ఆ గుడి చూపించలేదు మీరు" అని మళ్ళీ గుర్తు చేసింది. కాచిగూడలో రైలెక్కాం. 35 ఏళ్ళ తరువాత అదే చోటుకు వెళ్ళాను. ఈసారి కండువా తెచ్చుకున్నాను. సిగరెట్టు మానేసి అప్పటికి పన్నెండేళ్ళు. గేటు దగ్గర నీలం దుస్తుల్లో ఒక నిహంగ్ నిలబడి ఉన్నాడు. నా కాళ్ళు ఎందుకో మళ్ళీ ఆగాయి. ఆయన నా కండువా చూసి, దగ్గరికి వచ్చి, జారిపోతున్న ముడి విప్పి గట్టిగా కట్టి, "ఆయియే జీ" అని లోపలికి చెయ్యి చూపించాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం 35 ఏళ్ళు ఆలస్యం చేశాను.

దర్శనం అయ్యాక లంగర్‌లో తిన్నాం. బయటకు వస్తుంటే ఒకాయన, "బాబూజీ, వెల్లుల్లి ఒలవడానికి ఇద్దరు తక్కువగా ఉన్నారు, కాసేపు కూర్చుంటారా?" అన్నాడు. రిటైరైన తరువాత ఇంట్లోవాళ్ళు కాకుండా బయటివారు నన్ను ఒక పని అడగడం అదే మొదటిసారి. మీలో చాలామందికి ఈ మాట అర్థమవుతుంది. ఇద్దరం రెండు గంటలు కూర్చుని ఒలిచాం. నా పక్కన ఒలుస్తున్నాయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడట. మా ఇద్దరి మధ్యా గ్రేడు పే ప్రస్తావన రాలేదు.

సాయంత్రం పాత క్వార్టర్సు వైపు వెళ్ళి విచారించాం. సర్దార్జీ గారి కుటుంబం ఊళ్ళో సొంత ఇల్లు కట్టుకున్నారని తెలిసింది. వెతుక్కుంటూ వెళ్ళాం. ఆయన అంతకు నాలుగేళ్ళ ముందే పోయారు. భాబీజీ ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. నన్ను పోల్చుకోలేదు. మా ఆవిడను చూసి మాత్రం, "ఆమ్ కా అచార్!" అని కౌగలించుకున్నారు.

టీ తాగుతుండగా నేను ఆగలేకపోయాను. "భాబీజీ, అమ్మాయి పెళ్ళికి నేను రాలేదు. కడుపునొప్పి అని అబద్ధం చెప్పాను. గేటు దాకా వచ్చి వెళ్ళిపోయాను" అన్నాను. మా ఆవిడ తెల్లబోయి నా వంక చూసింది. ఆవిడకూ ఇది తెలియదు.

భాబీజీ నవ్వారు. "మాకు తెలుసు భాయీసాబ్. ఆయన జోడా ఘర్ దగ్గర నిలబడి చుట్టాలను లోపలికి పంపిస్తున్నారు. మిమ్మల్ని చూశారు. చేతిలో పని వదిలి వచ్చేసరికి మీరు మలుపు తిరిగిపోయారు."

"మరి మర్నాడు నన్ను అడగలేదే?"

"అడిగితే మీరు సిగ్గుపడతారన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఒకటే బాధ. తెలియని మనిషిని పిలిచి గేటు దగ్గర ఒకరిని నిలబెట్టకపోవడం నాదే తప్పు అన్నారు. అందుకే ప్రసాదం తీసుకుని మీ ఇంటికి తనే వచ్చారు."

నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను. గేటు దాకా వచ్చి తిరిగిపోయినవాణ్ణి నేను. తప్పు తనదని ఆయన వేసుకున్నారు. ఆ గురుద్వారాలో ఆయన ఏం నేర్చుకున్నారో నాకు అప్పుడు తెలిసింది. క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఆయన ఫోటో ముందు నిలబడి, కండువా తలకు చుట్టుకుని దండం పెట్టి వచ్చాను.

సోదరులారా, మన వయసులో వాయిదాలు మంచివి కావు. ఎవరింటి గడప దగ్గరైనా ఆగిపోయి ఉంటే, మనిషి ఉండగానే వెళ్ళి రండి. వచ్చే నెల యాత్రలో నేనూ వస్తున్నాను. కార్యదర్శి గారిని ఒకటి కోరుతున్నాను. మనవాళ్ళంతా లోపలికి వెళ్ళేదాకా నన్ను గేటు దగ్గర నిలబడనివ్వండి. పది రుమాళ్ళు అదనంగా తెస్తాను. వెనకాడేవారు ఎవరైనా ఉంటే చెయ్యి పట్టుకుని నేను తీసుకువెళ్తాను.